నారుమడికి నీరు
కాన్సరు పరిశోధనలో చిన్న విరాళం చేసే పెద్ద పని

మన తెలుగువారు పొట్ట చేతబట్టుకొని ఏ సీమకు వెళ్ళినా, నాలుగు కుటుంబాలు కుదురుకోగానే చేసే పని ఒకటున్నది. ఒక భజన మందిరమో, ఒక పఠనాలయమో, పేద విద్యార్థులకు ఒక నిధియో ఏర్పరచుకొంటారు. బరంపురంలోనైనా, బళ్ళారిలోనైనా, షోలాపురంలోనైనా, మదరాసులోనైనా, యానాంలోనైనా ఈ మాట నిజమే. ఇచ్చే చెయ్యి మనకు కొత్త కాదు. అయితే ఇచ్చినదానికి గుర్తు కనబడాలనే కోరిక కూడా మనకు లేకపోలేదు. గోడమీద చలువరాయి, ఫంకామీద పేరు, ఆసుపత్రిలో మంచం తలాపున తండ్రిగారి పేరున ఒక ఇత్తడి పలక. ఇవన్నీ మంచి దానాలే. వీటిని తక్కువచేసి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కాని కంటికి కనబడని దానం మరొకటున్నది. ముప్ఫయి యేళ్ళు దాటి, ఇంకా పేరు రాని ఒక పరిశోధకురాలు, "నాకొక ఊహ తట్టింది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక సంవత్సరం వ్యవధి, కొంత డబ్బు కావాలి" అంటుంది. ఇచ్చిన డబ్బు ఖర్చయిన తరువాత, "ఆ ఊహ తప్పని తేలిందండీ" అని చెప్పినా చెప్పవచ్చు. అట్టి పనికి ఎవరైనా ఎందుకు ఇవ్వాలి? మన పెద్దలు రాచపుండు అన్న కాన్సరు వ్యాధిని గూర్చి ప్రపంచంలో జరిగిన పరిశోధన చరిత్ర చూస్తే, ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం మన గోదావరి జిల్లాలనుంచే మొదలయింది కూడా.

పెళ్ళీ పిచ్చీ

"పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదు" అని సామెత. పరిశోధనలో అడుగుపెట్టిన కుర్రవాని స్థితి అచ్చంగా ఇదే. పెద్ద మొత్తం ఇచ్చే ప్రభుత్వ శాఖలు, "ముందు నీవు చేసిన పని చూపించు, ఫలితాలు చూపించు, తరువాత ఇస్తాము" అంటాయి. డబ్బులేనిదే పని జరగదు. పని జరగనిదే ఫలితాలు రావు. ఫలితాలు లేనిదే డబ్బు రాదు.

ఇది మన దేశానికే పరిమితమైన చిక్కు కాదు. ధనవంతమైన అమెరికాలో సయితం, ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలు స్వతంత్ర పరిశోధకునికిచ్చే మొదటి పెద్ద గ్రాంటు 1980 ప్రాంతంలో సగటున 36 యేళ్ళ వయస్సులో చేతికందేది. 2010 తరువాత ఆ సగటు వయస్సు 42 దాటింది. వైద్యపట్టా ఉన్నవారికి ఇంకా ఆలస్యం. బుద్ధి చురుకుగా పనిచేసే వయస్సంతా ఇతరుల ప్రయోగశాలలో, ఇతరుల ఊహలకు చాకిరీ చేయడంతో గడిచిపోతున్నదన్నమాట. ఇంట్లో పిల్లలు, అద్దె, ముసలి తల్లిదండ్రులు ఉన్నవారు మధ్యలోనే విసిగి వేరే ఉద్యోగాలలోకి పోతున్నారు. అలా పోయినవారి తలలో ఏ మందు ఉన్నదో మనకు ఎన్నటికీ తెలియదు. చనిపోయిన రోగిని లెక్కపెట్టవచ్చుగాని, పుట్టకుండా పోయిన మందును లెక్కపెట్టే పుస్తకం లేదు.

ఈ ముడి విప్పడానికి పెద్ద పెద్ద కాన్సరు పరిశోధన కేంద్రాలు కనిపెట్టిన ఉపాయమే తొలి ప్రయత్నాల నిధి. వారు దీనిని పైలట్ ప్రాజెక్టు అంటారు. మన ఇంటి ఇల్లాలికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు. అన్నం ఉడికినదీ లేనిదీ చూడడానికి ఆమె గిన్నెడు అన్నం తినదు, ఒక్క మెతుకు పట్టి చూస్తుంది. పైలట్ ప్రయోగం ఆ మెతుకు వంటిది. వెయ్యిమంది రోగులతో, కోట్ల రూపాయలతో చేయవలసిన పరీక్షకు ముందు పదిమందితోనో, ఇరవై నమూనాలతోనో, కొన్ని ఎలుకలతోనో చేసి చూస్తారు. కావలసిన కణజాలం ఆసుపత్రిలో దొరుకుతుందా? కొలిచే పద్ధతి ఒకసారి చెప్పిన లెక్కే రెండవసారీ చెబుతుందా? మందు మోతాదు ఎంతవరకు భరించవచ్చు? పెద్ద పరీక్ష పెడితే ఎంతమంది రోగులు కావాలి? ఈ ప్రశ్నలకు జవాబులు రాబట్టడమే దాని పని. అంతేగాని మందు పనిచేస్తుందని రుజువు చేయడం దాని పని కాదు. ఈ తేడా మరచి, పదిమంది మీద చేసిన ప్రయోగం గూర్చి "కాన్సరుకు మందు దొరికింది" అని పెద్ద అక్షరాలతో వ్రాసే వార్తలను పాఠకులు నమ్మరాదు.

భీమవరంనుంచి బోస్టనుకు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. తండ్రి తొందరగానే పోయారు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలోగాని గట్టెక్కలేదు. తరువాత మదరాసు వైద్య కళాశాలలో చేరి, గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టి, తెల్లదొర అయిన ఆచార్యుని ఆగ్రహానికి గురి అయ్యారు. చదువులో సమర్థుడే అయినా ఎం. బి. బి. యస్. బదులు దానికంటె తక్కువదైన యల్. ఎం. యస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జీర్ణవ్యాధికి బలి అయ్యారు. ఆ దుఃఖం ఆయనను జన్మంతా వెంటాడింది.

ఇట్టి యువకునికి అమెరికా వెళ్ళి పరిశోధన చేయాలని కోరిక పుట్టింది. ఆనాటికి ఆయన చేసి చూపించిన ఘనకార్యమంటూ ఏమీ లేదు. పట్టా చూసి డబ్బిచ్చేవారైతే ఎవ్వరూ ఇవ్వరు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సొమ్ము సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధివారు తోడ్పడతామని మాట ఇచ్చారు. సత్యలింగ నాయకరుగారు సముద్రం దాటి బర్మా వెళ్ళి, రంగూనులో గడించిన ధనాన్ని విద్యకూ ధర్మకార్యాలకూ వ్రాసిపోయిన పుణ్యమూర్తి. అనగా, పొరుగుసీమకు వలసపోయిన ఒక తెలుగువాని సంపాదన మరియొక తెలుగువానిని పరిశోధనశాల గుమ్మందాకా నడిపించింది. మన సంఘాలవారు ఈ సంగతి మరువరాదు.

1920ల తొలి సంవత్సరాలలో సుబ్బారావుగారు బోస్టను చేరుకొని హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేశారు. 1925లో ఫిస్కె అనే ఆచార్యునితో కలిసి, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో జీవరసాయనశాస్త్రం చదివే పిల్లలు దానిని నేర్చుకొంటూ వచ్చారు. 1927లో కండరాలలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఏ. టి. పి. అనే శక్తిద్రవ్యం వారి పరిశోధనలో బయటపడ్డాయి. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళి, అక్కడ పరిశోధనకు అధిపతి అయ్యారు.

ఇక్కడ కథ బొంబాయివైపు ఒకసారి తిరగాలి. 1928 తరువాత లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, హాఫ్కిన్ సంస్థలో పనిచేస్తూ, బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక విధమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారంతో చేసిన మార్మైటు అనే చవుకరకం పదార్థం తినిపిస్తే వారు కోలుకొంటున్నారని 1931లో ప్రకటించారు. ఆ పదార్థంలో ఉన్న గుణమేమిటో చాలాకాలం తెలియలేదు. చివరకు అది ఫోలిక్ యాసిడు అని తేలింది. 1945లో సుబ్బారావుగారి బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదే మందయింది.

పదహారుగురు పిల్లలు

అప్పుడు బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అనే డాక్టరు ఉండేవారు. ఆయన పని చనిపోయినవారి శరీరాలను పరీక్షించడం. ల్యుకీమియా, అనగా రక్తపు కాన్సరు వచ్చిన పిల్లలను చేసేదేమీలేక ఇంటికి పంపుతూ ఉన్న రోజులవి. కొద్ది వారాలలో పని ముగిసిపోయేది. ఫోలిక్ యాసిడు రక్తహీనతను కుదురుస్తున్నది గదా, రక్తపు కాన్సరుకు కూడా పనిచేస్తుందేమోనని ఫార్బరుకు ఊహ తట్టింది. లెడర్లీనుంచి ఆ జాతి పదార్థాలు తెప్పించి ఇచ్చి చూశారు. ఊహ తలక్రిందులయింది. వ్యాధి తగ్గకపోగా మరింత విజృంభించినట్లు కనబడింది.

లోకం దృష్టిలో ఆ ప్రయోగం విఫలమైనట్లే. కాని ఫార్బరు ఆ వైఫల్యాన్నే ప్రశ్నగా మార్చారు. ఫోలిక్ యాసిడు ఈ కణాలకు ఎరువయితే, దానిని పోలి ఉండి కణాలను మోసపుచ్చే దొంగపదార్థం ఇస్తే ఎట్లా ఉంటుంది? సుబ్బారావుగారి బృందం అట్టి పదార్థాలను తయారుచేసి పంపింది. అందులో ఒకటి అమినాప్టెరిను. 1947 చివరినుంచి 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందికి వ్యాధి వెనుకంజ వేసింది. లేవలేని పిల్లలు లేచి ఆడుకొన్నారు. 1948 జూనులో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. శీర్షికలోనే ఇది తాత్కాలికమైన ఉపశమనం అని చెప్పుకొన్నారు. నిజమే, ఆ పిల్లలలో వ్యాధి మళ్ళీ తిరగబెట్టింది. అయినా పిల్లలకు వచ్చే ఈ రక్తపు కాన్సరు మందుకు లొంగుతుందని ప్రపంచం మొదటిసారి చూసింది. పదహారు మెతుకులు పట్టి చూసిన ఆ పరీక్షతో కాన్సరుకు మందుల చికిత్స అనే మార్గం తెరచుకొన్నది.

సుబ్బారావుగారు ఆ 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. అమినాప్టెరినుకు తమ్ముడి వంటి మెథోట్రెక్సేటు నేటికీ కాన్సరు ఆసుపత్రులలో వాడుకలో ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలోనూ ఉన్నది. సంపన్న దేశాలలో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం ల్యుకీమియాలో నేడు నూటికి 90 మంది దాకా బ్రతికి బయటపడుతున్నారు. ఈ పంట ఏ నారుమడిలో మొలకెత్తిందో లెక్క తీస్తే, మామగారు పోగుచేసిన సొమ్మూ, కాకినాడ ధర్మనిధివారి మాటా అందులో కనబడతాయి. వారిచ్చిన రోజున ఫోలిక్ యాసిడు అనే మాటే లోకంలో లేదు. దేనికి ఇస్తున్నారో వారికి తెలియదు. మనిషిని చూసి ఇచ్చారు.

చిల్లర డబ్బుల బలం

ఫార్బరు పరిశోధనకు నిధి చేరిన తీరు కూడా తెలుసుకోదగినదే. 1948 మే 22 రాత్రి, రేడియోలో ఒక వినోద కార్యక్రమంవారు ఫార్బరు రోగులలో ఒక బాలుని పడకవద్దనుంచి ప్రసారం చేశారు. అసలు పేరు చెప్పకుండా "జిమ్మీ" అన్నారు. 20 వేల డాలర్లు వస్తే, ఆ బాలునికి తన అభిమాన బేస్‌బాల్ జట్టు ఆట చూసుకోవడానికి టెలివిజను ఇప్పిస్తామని చెప్పారు. శ్రోతలు పంపిన చిల్లర డబ్బులు 2 లక్షల డాలర్లు దాటాయి. జిమ్మీ నిధి అనే పేరుతో అది నేటికీ నడుస్తున్నది. ఆ బాలుడు బ్రతికి, పెద్దవాడై, 1998లో తానే జిమ్మీనని లోకానికి తెలిపాడు.

దాదాపు ఆ కాలంలోనే, 1946లో, డేమన్ రన్యన్ అనే పత్రికా రచయిత గొంతు కాన్సరుతో మరణించగా, ఆయన స్నేహితుడు వాల్టర్ వించెల్ రేడియోలో శ్రోతలను అర్థించి ఒక నిధి లేవదీశారు. ఆ సంస్థ ఈనాడు పనిగట్టుకొని యువ పరిశోధకులకే డబ్బిస్తున్నది. అమెరికా కాన్సరు సొసైటీవారిది ఇంకొక పద్ధతి. 1940ల చివరినుంచి వారు ఏ ఒక్క శాస్త్రజ్ఞునికీ కాకుండా పరిశోధన కేంద్రానికే కొంత మొత్తం అప్పగిస్తున్నారు. ఆ కేంద్రంలోని పెద్దలు ఒక సంఘంగా కూర్చొని, కొత్తగా ఉద్యోగంలో చేరి ఇంకా పెద్ద గ్రాంటు ఎరుగనివారికి దానిని చిన్న చిన్న భాగాలుగా పంచుతారు. దూరాన ఉన్న రాజధానిలో దరఖాస్తు చదివేవారికంటె, రోజూ కళ్ళెదుట పనిచేసే కుర్రవాని శక్తిని పక్కగదిలోని పెద్దలే బాగుగా ఎరుగుదురు గదా. ఆ సంవత్సరంలో వచ్చిన ఫలితాలు చేతబట్టుకొని ఆ యువకులు పెద్ద గ్రాంటుకు దరఖాస్తు పెట్టుకొంటారు. పిచ్చీ పెళ్ళీ ముడి అక్కడ విడిపోతుంది.

కొన్ని విత్తనాలు మొలకెత్తడానికి చాలాకాలం పడుతుంది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ అనే యువ అధ్యాపకుడు, ఇంకా డాక్టరేటు పూర్తికాని డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే విద్యార్థి, ఒక రకం రక్తపు కాన్సరులో కణంలోని ఒక క్రోమోజోము మామూలుకంటె పొట్టిగా ఉన్నదని కనుగొన్నారు. అది జబ్బుకు కారణమో, ఫలితమో అప్పుడు తెలియలేదు. 1973లో షికాగోలోని జానెట్ రౌలీ, ఆ పొట్టి క్రోమోజోము ముక్క వేరొక క్రోమోజోముతో చోటు మార్చుకొన్నదని తేల్చారు. నలుగురు పిల్లల తల్లి అయిన ఆమె ఆ ఫోటోలను ఇంట్లో భోజనాల బల్లమీద పరచి చూసుకొనేవారు. ఆ లోపాన్నే గురిపెట్టి తయారైన ఇమాటినిబ్ అనే మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి లభించింది. సూక్ష్మదర్శినిలో కనబడిన ఒక పొట్టి గీత మాత్ర కావడానికి 41 సంవత్సరాలు పట్టింది. 1960లో నోవెల్ ప్రయోగశాలకు గాజుపలకలు కొనిపెట్టిన దాత, ఫలితం చూడాలని పట్టుబట్టి ఉంటే ఏమయ్యేది?

మన దేశంలో

మన దేశంలో ఈ జ్ఞానం లేదనుకోరాదు. సర్ దొరాబ్జీ టాటాగారి భార్య మెహెర్‌బాయి 1931లో ల్యుకీమియాతో మరణించారు. మరుసటి సంవత్సరమే ఆయన ఆమె పేరున ఒక ట్రస్టు నెలకొల్పారు. ఆ ట్రస్టు ఆదాయంలో పెద్దభాగం ఏ దేశమువారైనా సరే, ల్యుకీమియాపై పరిశోధన చేసేవారికి పోవాలని నిర్ణయించారు. దుఃఖంలో ఉన్న భర్త ఒక సమాధిమందిరం కట్టించి ఊరుకొని ఉండవచ్చు. ఆయన అట్లా చేయలేదు. ఆ ట్రస్టు తొమ్మిది దశాబ్దాలు దాటి నేటికీ యువ శాస్త్రజ్ఞులకు వేతనాలిస్తున్నది. టాటాల దాతృత్వంతోనే 1941లో బొంబాయి పరేలులో టాటా స్మారక ఆసుపత్రి వెలసింది. 1952లో దాని సరసనే కాన్సరు పరిశోధన కేంద్రం వచ్చింది. 1962నుంచి ఈ సంస్థలు అణుశక్తి శాఖ క్రింద ఉన్నవి.

మదరాసు అడయారులోని కాన్సరు ఇన్‌స్టిట్యూటు మరీ చిన్నగా మొదలయింది. డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డిగారు 1923లో తమ చెల్లెలిని కాన్సరుతో పోగొట్టుకొన్నారు. మహిళా సంఘం తరఫున నిధి పోగుచేసి, 1954లో పన్నెండు మంచాల పాకలో ఆసుపత్రి తెరిపించారు. "చచ్చేవారికి ఆసుపత్రి దేనికి?" అనే రోజులవి. మొదట్లో అక్కడ వైద్యులు ఇద్దరే. ఒకరు ఆమె కుమారుడు కృష్ణమూర్తిగారు, రెండవవారు 1955లో చేరిన ఇరవై ఎనిమిదేళ్ళ శాంతగారు. ప్రభుత్వపు ఉద్యోగం కాదనుకొని ఆ పాకకు వచ్చిన ఆ యువతి, 2021లో కన్నుమూసేదాకా ఆ ఆవరణ విడిచిపెట్టలేదు. మహిళలు చందాల పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరగకపోతే శాంతగారికి పనిచేసే చోటే ఉండేది కాదు.

ఈనాటి ఉదాహరణ కావాలంటే అదీ ఉన్నది. రోగి రక్తంలోని రక్షక కణాలను బయటికి తీసి, కాన్సరు కణాలను గుర్తుపట్టే విద్య నేర్పి, మళ్ళీ ఒంటిలోకి ఎక్కించే కార్–టి అనే చికిత్స అమెరికాలో 2017లో వాడుకలోకి వచ్చింది. అక్కడ దాని ఖర్చు మన లెక్కన మూడు నాలుగు కోట్లు. అమెరికాలో శిక్షణ పొంది తిరిగివచ్చిన రాహుల్ పుర్వార్‌గారు బొంబాయి ఐ. ఐ. టి.లో విద్యార్థులతో చిన్న ప్రయోగశాల పెట్టుకొని, ఇక్కడి సరుకుతో ఇక్కడే దానిని చేయాలని పూనుకొన్నారు. టాటా కేంద్రం వైద్యులు చేయి కలిపారు. 2021లో మొదటి రోగికి ఇచ్చారు. ముందు కొద్దిమందితో మోతాదు చూసుకొని, మొత్తం 64 మందిపై పరీక్షించారు. ఫలితం లెక్కకట్టగలిగినవారిలో నూటికి 73 మందికి వ్యాధి లొంగింది. 2023 అక్టోబరులో ప్రభుత్వ అనుమతి వచ్చింది. విదేశపు ఖర్చులో ఇది సుమారు పదోవంతు. అయినా మన మధ్యతరగతి ఇంటికి అది బరువే. కాని దారి తెరచుకొన్నది.

అయితే నారుమడికి నీరు చాలినంత పారడం లేదు. కేంద్ర ప్రభుత్వం పరిశోధక విద్యార్థులకిచ్చే నెలవేతనం 2023 జనవరినుంచి తొలి దశలో 37 వేలు, తరువాతి దశలో 42 వేలు. అదయినా నెలల తరబడి ఆలస్యమౌతున్నదని విద్యార్థులు పలుమార్లు మొరపెట్టుకొన్నారు. చదువు పూర్తిచేసి స్వంత ప్రయోగశాల పెట్టుకొనే దశలో చేయూతనిచ్చే పథకాలు కొన్ని ఉన్నవి. మన ప్రభుత్వ జీవసాంకేతిక శాఖ, బ్రిటనులోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో ప్రారంభించి, హైదరాబాదు కేంద్రంగా నడిపిన సంస్థ అట్టిదే. కాని అర్హులు ఎక్కువ, పీటలు తక్కువ.

ఎట్లా ఇవ్వాలి?

చిన్న నిధి అయినంతమాత్రాన గుడ్డిగా పంచిపెట్టమని కాదు. మంచి కేంద్రాలలో దీనికొక పద్ధతి ఉన్నది. యువ పరిశోధకుడు నాలుగైదు పుటలలో తన ప్రశ్న, దానిని తేల్చే విధం, అయ్యే ఖర్చు వ్రాసి ఇస్తాడు. అతనితో బంధుత్వం, భాగస్వామ్యం లేని పెద్దలు చదివి మార్కులు వేస్తారు. గణాంకశాస్త్రం తెలిసినవారు లెక్క సరిచూస్తారు. రోగులకు సంబంధించిన పనయితే నీతి సంఘంవారి అనుమతి, రోగి ఇష్టపడి చేసిన సంతకం తప్పనిసరి. ఫార్బరు రోజులలో ఇన్ని కట్టుబాట్లు లేవు. ఇవి రావడం మంచిదే అయింది. రోగి ఎవరి ఊహకూ పనిముట్టు కారాదు. సంవత్సరం చివర పైసా పైసాకు లెక్క చెప్పాలి.

లెక్క అడగడం దాత హక్కు. విజయం అడగడం హక్కు కాదు. ఊహ తప్పని నిజాయితీగా తేలితే, ఆ డబ్బు వృథా అయినట్లు కాదు. తరువాత వచ్చేవాడు ఆ గోతిలో పడడు. కోట్లు ఖర్చయ్యే పెద్ద పరీక్ష ఒకటి తప్పిపోతుంది. దాచిపెట్టిన వైఫల్యమే నష్టం, చెప్పిన వైఫల్యం లాభం. విజయం వచ్చి తీరాలని దాతలు ఒత్తిడి పెడితే, కుర్రవాళ్ళు జవాబు ముందే తెలిసిన ప్రశ్నలే ఎంచుకొంటారు. లేదా, అంతకంటె ఘోరంగా, లేని ఫలితాన్ని ఉన్నట్లు వ్రాస్తారు.

యువకునికి డబ్బుతోపాటు స్వేచ్ఛ కూడా కావాలి. 1956లో అమెరికా కాన్సరు సంస్థలో మిన్ చూ లీ అనే యువ డాక్టరు, మెథోట్రెక్సేటుతో గర్భకోశానికి సంబంధించిన ఒక కాన్సరును మట్టుబెట్టారు. కంతి కనబడకుండా పోయినా, పరీక్షలో జాడ మిగిలి ఉన్నంతవరకు మందు ఆపనన్నారు. పెద్దలకు అది మొండితనంగా తోచి, ఆయనను పంపివేశారు. కాని ఆయన రోగులే పూర్తిగా బాగుపడ్డారు. 1972లో ఆయనకు లాస్కర్ బహుమతి వచ్చింది. పంపివేసిన ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

మన సంఘాలు కోట్లు తేలేవు. తేనక్కరలేదు కూడా. ప్రతి సంవత్సరం మనవారు ఇచ్చే విద్యార్థివేతనాలలో ఒకదానిని పరిశోధన చేసే విద్యార్థికి కేటాయించవచ్చు. ఒక సభకు వెళ్ళి తన పని చెప్పుకోవడానికి రైలు ఖర్చు, ఒక పెట్టె రసాయనాలు, నెలవేతనం ఆలస్యమయినప్పుడు మూడు నెలలు తట్టుకొనే అప్పు. ఇవన్నీ మన చేతికందే పనులే. ఇంట్లో ఎవరినైనా ఈ వ్యాధికి పోగొట్టుకొన్నవారు, సంవత్సరీకంనాడు అన్నదానంతోపాటు కాన్సరు ఆసుపత్రికి ఏదయినా పంపదలచుకొంటే, "ఇది పరిశోధనకు, కొత్తగా చేరినవారికి" అని చీటీమీద ఒక్కమాట వ్రాసి, ఆ ప్రకారం ఖర్చు చేయడానికి వారికి వీలున్నదో లేదో ముందుగా అడిగి, రసీదు తీసుకోవచ్చు.

రైతు నారుమడిని చూసి, ఇంత జానెడు నేల ఏ మూలకని నీరు మానడు. ఎకరాల పొలమంతా ఆ మడిమీదే ఆధారపడి ఉన్నదని అతనికి తెలుసు. అందులో కొంత నారు కుళ్ళుతుంది, కొంత పురుగు తింటుంది. మిగిలినది పొలానికి సరిపోతుంది. సత్యలింగ నాయకరుగారు ఫోలిక్ యాసిడు పేరు వినలేదు. దొరాబ్జీగారు తమ భార్య జబ్బుకు మందు చూడకుండానే పోయారు. అయినా ఆ నీరు పారుతూనే ఉన్నది. ఈనాడు ఏ ఆసుపత్రిలోనో ఒక పసివాడు మందు చుక్క ఎక్కించుకొని, మంచం దిగి, అమ్మతో ఇంటికి వెడుతున్నాడంటే, ఆ చుక్కలో మన కాకినాడ నీరు కూడా కలిసి ఉన్నది.